ఇంట్లో ఒక్పా వండుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్పా అంటే ఏమిటి? ఎవరి వంట?

నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలో ఉండే ఇగ్బో వాళ్ల వంట ఇది. బంబారా గింజల (ఆఫ్రికాలో పండే ఒక పప్పుదినుసు) పిండిలో ఎర్ర పామాయిల్, మిరపకాయ, ఉప్పు కలిపి, గోరువెచ్చని నీళ్లతో పల్చగా జారుచేసి, అరటాకుల్లో పోసి ఉడికిస్తారు. ఉడికాక చక్కటి పసుపు రంగులో గట్టిపడుతుంది. కత్తితో కోస్తే అంచు నిలబడుతుంది, నోట్లో మాత్రం మెత్తగా ఉంటుంది. గింజనూ వంటనూ ఒకే పేరుతో, ఒక్పా అనే పిలుస్తారు.

ఇగ్బో ప్రాంతమంతటా దీన్ని తింటారు గానీ, అసలు పట్టు ఎనుగు రాష్ట్రానిది. న్సుక్కా, ఉడి, న్గ్వో వైపు వాళ్ల చేతి ఒక్పాకి ఉన్న పేరు వేరు. ఆ ప్రాంతం వాళ్లను ‘వావా’ అంటారు, అందుకే ‘ఒక్పా వావా’ అనే మాట కూడా వినిపిస్తుంది. ఎనుగు ఊరి బయట, తొమ్మిది మైళ్ల దూరంలో నైన్త్ మైల్ కార్నర్ అనే కూడలి ఉంది. దూరప్రయాణం బస్సులు అక్కడ ఆగగానే ఒక్పా బేసిన్లు తలమీద పెట్టుకుని అమ్మేవాళ్లు కిటికీల దగ్గరికి వస్తారు. ‘ఒక్పా డి ఓకు’, అంటే వేడి వేడి ఒక్పా, అన్నది వాళ్ల కేక. ఆ దారిన వెళ్లే నైజీరియన్లలో ఆ కూడలి పేరు చెప్తే ఒక్పా గుర్తుకురాని వాళ్లు అరుదు.

బంబారా గింజ అంటే వేరుశనగేనా?

కాదు. రెండింటికీ కాయలు భూమిలోపలే కాస్తాయి, పోలిక అంతవరకే. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి ఆఫ్రికాకు చేరిన పంట. బంబారా గింజ పశ్చిమ ఆఫ్రికా నేలలోనే పుట్టింది. మాలీ దేశంలోని బంబారా ప్రజల మీదుగా దానికి ఆ పేరొచ్చింది. శాస్త్రీయ నామం విగ్నా సబ్‌టెర్రేనియా. మన మినుములు, పెసలు, బొబ్బర్లు కూడా ఈ విగ్నా ప్రజాతిలోనివే. కాబట్టి వంటింట్లో దాని నడవడిక వేరుశనగ కంటే మినుములకూ బొబ్బర్లకూ దగ్గరగా ఉంటుంది.

వంటకు సంబంధించి ముఖ్యమైన తేడా నూనెలో ఉంది. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనే. బంబారా గింజలో నూనె చాలా తక్కువ. పిండిపదార్థం ఎక్కువ, మాంసకృత్తులు సుమారు అయిదో వంతు. అందుకే దాన్ని మెత్తగా విసరొచ్చు, నీళ్లలో కలిపి ఉడికిస్తే గుడ్డు గానీ మరో పిండి గానీ లేకుండానే గట్టిపడుతుంది. వేరుశనగ పిండితో ఒక్పా చేద్దామని అడిగేవాళ్లున్నారు. అది గట్టిపడదు, ప్రయత్నించకండి.

పిండి ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్, విజయవాడ కిరాణా కొట్లలో దొరికే సరుకు కాదిది. హ్యూస్టన్, లండన్ లాంటి చోట్ల ఉంటే పని తేలిక. ఆ ఊళ్లలో నైజీరియన్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కొట్లలో ‘ఒక్పా ఫ్లోర్’ అనో ‘బంబారా నట్ ఫ్లోర్’ అనో ప్యాకెట్ మీద ఉంటుంది. గింజలైతే ఒక్కో దేశపు కొట్టులో ఒక్కో పేరుతో ఉంటాయి: ఉత్తర నైజీరియాలోని హౌసా వాళ్లకి గుర్జియా, జింబాబ్వే వాళ్లకి న్యిమో, ఇండోనేషియా వాళ్లకి కచాంగ్ బోగోర్. ఇండోనేషియా కొట్లలో కూడా వెతకొచ్చని చాలామందికి తట్టదు.

కొనేటప్పుడు ప్యాకెట్ తెరవగానే వాసన చూడండి. మంచి పిండికి పచ్చి పప్పుల వాసన ఉంటుంది, రంగు మీగడ తెలుపు. మక్కిన వాసన వస్తే తిరిగి ఇచ్చేయండి. ఆ వాసన ఎంత ఉడికించినా పోదు.

గింజలు మాత్రమే దొరికాయి. ఇంట్లో పిండి చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, ఓపిక కావాలి. ఈ గింజ బాగా గట్టిది. ఎండిన గింజను ముందు బరకగా పగలగొట్టి, పొట్టు చెరిగి, ఆ తర్వాత మెత్తగా విసరాలి. ఇంటి మిక్సీలో ఒకేసారి ఎక్కువ పోస్తే మోటారు వేడెక్కిపోతుంది. గుప్పెడు గుప్పెడు చొప్పున, మధ్యలో ఆపుతూ తిప్పండి. దగ్గర్లో పిండిమర ఉంటే అదే మేలు. ఎలా చేసినా సన్నటి జల్లెడ పట్టడం తప్పనిసరి. జల్లెడలో మిగిలిన రవ్వను మళ్లీ మిక్సీలో వేయండి. ఒక్పాలో రవ్వ తగిలితే తినేవాళ్లు మొదటి ముద్దకే కనిపెడతారు. కొన్న పిండినైనా సరే ఒకసారి జల్లించండి.

మామూలు పామాయిల్ వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఒక్పాకి రంగు, వాసన, సగం రుచి ఎర్ర పామాయిల్ నుంచే వస్తాయి. మన ఇళ్లలో వాడే పామోలిన్ కూడా అదే చెట్టు పండు నుంచి వస్తుంది గానీ, శుద్ధి చేసేటప్పుడు ఎరుపునిచ్చే కెరోటిన్లూ వాసనా తీసేస్తారు. ఆయిల్ పామ్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాయే. ఇవాళ గోదావరి జిల్లాల్లో తోటలు తోటలుగా కనిపించే ఆయిల్ పామ్ మూలం అక్కడుంది. ఏలూరు దగ్గర పెదవేగిలో ఈ పంట కోసమే జాతీయ పరిశోధన సంస్థ కూడా ఉంది. తోటలు మన దగ్గరే ఉన్నాయి కదా అని మిల్లు నుంచి ముడి నూనె తెచ్చుకుని వండకండి. అది శుద్ధికి పంపే సరుకు. తినడానికని సీసాలో నింపి అమ్మే ఎర్ర నూనె వేరు, దాన్నే కొనండి.

చల్లటి వాతావరణంలో ఈ నూనె సగం గడ్డకడుతుంది. సీసాను కాసేపు వేడినీళ్లలో నిలబెడితే కరుగుతుంది. పొయ్యి మీద పెట్టి పొగలు రానివ్వకండి, ఒక్పాకి కాచిన నూనె అక్కర్లేదు. తెల్ల ప్లాస్టిక్ గిన్నెలూ మంచి బట్టలూ దూరంగా ఉంచండి, ఈ మరక ఓ పట్టాన పోదు.

ఎర్ర నూనె అసలే దొరక్కపోతే వేరుశనగ నూనెలో చిటికెడు పసుపు కలిపి చేయొచ్చు. చూడ్డానికి దగ్గరగా ఉంటుంది, రుచి మాత్రం దరిదాపులకు రాదు. మొదటిసారి చేసేవాళ్లకు ఆ దారి నేను చెప్పను. అసలు రుచి ఏమిటో తెలియకుండా ఒక్పా నచ్చలేదనుకునే ప్రమాదం ఉంది.

కొలతలు చెప్పండి.

నలుగురికి: బంబారా పిండి 2 కప్పులు, ఎర్ర పామాయిల్ 5 టేబుల్ స్పూన్లు, గోరువెచ్చని నీళ్లు సుమారు 4 కప్పులు, ఘాటైన మిరపకాయలు 2 (మెత్తగా నూరినవి), ఉప్పు ఒక టీ స్పూన్ నుంచి ఒకటిన్నర. అన్నిటికీ ఒకే కప్పు వాడండి.

నీళ్ల కొలత పిండిని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. మెత్తటి, బాగా ఎండిన పిండి ఎక్కువ తాగుతుంది. మూడున్నర కప్పులు పోశాక ఆగి చూసుకుని, మిగతాది కొద్దికొద్దిగా పోయండి.

కలిపే పద్ధతి ఏమిటి? ఏది ముందు వేయాలి?

నూనె ముందు, నీళ్లు తర్వాత. ఈ ఒక్క క్రమం తప్పితే ఒక్పా బాగా రాదు.

వెడల్పాటి గిన్నెలో జల్లించిన పొడిపిండి తీసుకుని, ఉప్పు కలిపి, మధ్యలో గుంట చేసి నూనె పోయండి. చేత్తో గానీ గరిటెతో గానీ పిండి మొత్తానికీ నూనె పట్టేదాకా కలపండి. చేత్తో అయితే రెండు అరచేతుల మధ్య పిండిని రుద్దాలి. తెల్లటి పిండి అంతా ఒకే పసుపు రంగులోకి రావాలి. ఎక్కడా తెల్ల మచ్చగానీ ఎర్ర ముద్దగానీ ఉండకూడదు. అయిదు నిమిషాలు పట్టినా తొందరపడకండి. ముందే నీళ్లు పోసి తర్వాత నూనె పోస్తే, నూనె పైకి తేలి, ఉడికాక ఒకవైపు ఎర్రటి చారలు, మరోవైపు పాలిపోయిన పిండి కనిపిస్తాయి.

ఇప్పుడు నూరిన మిరపకాయ వేసి, గోరువెచ్చని నీళ్లు విడతలుగా పోస్తూ కలపండి. మొదట కొద్దిగా పోసి ఉండలు లేని ముద్ద చేసుకుని, ఆ తర్వాత పల్చన చేస్తే ఉండలు కట్టవు. మరిగే నీళ్లు పోయకూడదు, పోసిన చోటే పిండి ఉడికిపోయి ఉండలవుతుంది. మరీ చన్నీళ్లూ వద్దు, నూనె గడ్డకడుతుంది. ఉప్పూ కారమూ ఈ దశలోనే నాలుక మీద చుక్క వేసుకుని చూడండి. పచ్చిపిండి కాబట్టి మింగకుండా ఉమ్మేయండి. ఉడికాక ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది కాబట్టి ఇక్కడ ఒక పిసరు ఎక్కువే ఉండాలి.

జారు ఎంత పల్చగా ఉండాలంటే, చిక్కటి మజ్జిగలా గరిటె నుంచి ఆగకుండా కారాలి. మన చేతికి ఇడ్లీ, దోసె పిండి అలవాటు కాబట్టి ‘ఇంత పల్చగానా’ అని భయపడి చాలామంది నీళ్లు తగ్గిస్తారు. అలా చేసిన ఒక్పా ఉడికాక రాయవుతుంది, గొంతు దిగదు.

ఉడికాక అడుగున గట్టిగా, పైన నీళ్లగా వచ్చింది. ఎందుకు?

జారు పల్చగా ఉంటుంది కాబట్టి పిండి అడుగుకు దిగుతుంది. గిన్నెను రెండు నిమిషాలు కదపకుండా వదిలేసినా చాలు. అందుకే ఒక్కో ఆకులో పోసే ముందు ప్రతిసారీ అడుగంటా కలిపి గరిటెతో తీయాలి. మొదట పోసిన పొట్లాలు నీళ్లగా, చివరివి గట్టిగా వస్తున్నాయంటే కలపడం మరిచారన్నమాట.

రెండో కారణం ఆవిరి. పొట్లం పెట్టేసరికే నీళ్లు గలగలా మరుగుతుండాలి. పిండి వేడికి ఎంత త్వరగా చిక్కబడితే అంత తక్కువగా అడుక్కి దిగుతుంది. చల్లటి నీళ్లలో పొట్లాలు పెట్టి పొయ్యి వెలిగిస్తే, నీళ్లు కాగేలోపే పిండీ నీళ్లూ విడిపోతాయి. పోయడం, పెట్టడం వెంటవెంటనే జరగాలి. వీలైతే ఇద్దరు కలిసి చేసుకోండి, ఒకరు ఆకు పట్టుకుంటే ఒకరు పోయొచ్చు.

అరటాకు చిరిగిపోకుండా ఎలా మడవాలి?

ఈనె తీసేసి, ఆకును మంట మీద అటూ ఇటూ చూపండి. రంగు ముదిరి, నిగనిగలాడి, వంచితే విరగకుండా వంగుతుంది. ఇలా చేయని ఆకు మడతలోనే పగులుతుంది. తడిగుడ్డతో తుడిచి, పెద్ద ముక్కను శంఖంలా చుట్టి, కింది కొసను పైకి మడవండి. చిరుగు భయం ఉంటే రెండు పొరలు వేయండి. సగానికి కొంచెం పైవరకే పోసి, పై అంచును మడిచి, మడత కిందికి రాకుండా నిలువుగా పాత్రలో ఆనించాలి. అడుగున ఆకుల ఈనెలూ చిరిగిన ఆకుముక్కలూ పరిస్తే పొట్లాలకు పాత్ర వేడి నేరుగా తగలదు, ఆవిరికి ఆకు వాసనా వస్తుంది. ఆ వాసనే ఒక్పాకి సగం అందం. ఇక్కడ మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది: విదేశాల్లో నైజీరియన్లు అరటాకు కోసం వెతికే చోటు తరచుగా మన భారతీయ కొట్టే.

నైజీరియాలో ప్లాస్టిక్ సంచుల్లో ఉడికిస్తారట కదా?

అవును, ఇప్పుడు వీధుల్లో అమ్మే ఒక్పాలో చాలాభాగం పారదర్శకమైన సన్న సంచుల్లోనే ఉడుకుతుంది. పని తేలిక, ఖర్చు తక్కువ, అమ్మేవాళ్ల ఇబ్బంది అర్థం చేసుకోవచ్చు. ఇంట్లో మాత్రం వద్దు. గంటసేపు మరిగే నీళ్లలో, నూనెతో కూడిన తిండిని, ఆ పనికి తయారుకాని సంచిలో ఉంచడం మంచిది కాదు. ఆకు లేకపోతే స్టీలు గ్లాసులు, చిన్న గిన్నెలు వాడండి. లోపల నూనె రాసి, ముప్పావు వంతు పోసి, మూత పెట్టండి. మూత లేకపోతే ఆవిరి నీళ్లు కారి పైభాగం పలుచనవుతుంది.

ఎంతసేపు ఉడకాలి? ఉడికిందని ఎలా తెలుస్తుంది?

గుప్పెడు సైజు పొట్లాలకి 45 నిమిషాల నుంచి గంట. పెద్ద గిన్నెలో పోస్తే గంట దాటుతుంది. మధ్యలో నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయండి, పొట్లాల మీద కాకుండా పాత్ర పక్కనుంచి.

ఒక పొట్లం విప్పి నడిమధ్యలో కత్తి గుచ్చండి. కత్తికి పచ్చి జారు అంటకూడదు, కోసి చూస్తే లోపలి రంగు అంచు రంగుతో సమానంగా ఉండాలి. మధ్యలో పాలిపోయిన, జిగురు ముద్ద కనిపిస్తే ఇంకో పావుగంట. పప్పుదినుసు పిండి సగం ఉడికితే అరగదు, కడుపు ఉబ్బుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతే ఉంది.

పొయ్యి మీంచి తీయగానే మెత్తగా ఉంటుంది. పది పదిహేను నిమిషాలు వదిలేస్తే బిగుస్తుంది.

ప్రెషర్ కుక్కర్‌లో, ఇడ్లీ పాత్రలో చేయొచ్చా?

కుక్కర్‌లో విజిల్ తీసేసి ఆవిరి పెట్టండి. ఇడ్లీ పాత్రలో రేకులు తీసేసి, అడుగున చిల్లుల పళ్లెం పెట్టి గ్లాసులు నిలబెట్టండి. ఇడ్లీ రేకుల్లో పోస్తే త్వరగానే ఉడుకుతుంది గానీ, అంత పల్చటి ముక్కలో ఒక్పా బిగువూ మెత్తదనమూ తెలియవు.

ఏ మిరపకాయ వాడాలి?

ఎనుగు వైపు వాడేది న్సుక్కా పసుపు మిరప. ఘాటుతోపాటు మంచి సువాసన ఉంటుంది, ఒక్పా వాసనలో దానికీ వాటా ఉంది. బయట దానికి దగ్గరగా వచ్చేది పసుపు హబనేరో. మన పచ్చిమిర్చి, గుంటూరు ఎండుమిర్చి కారాన్నిస్తాయి గానీ ఆ వాసన ఇవ్వవు. ఏది వేసినా మెత్తగా నూరి వేయండి, ముక్కలు అడుక్కి దిగిపోతాయి.

ఉల్లిపాయ, ఆకుకూర, రొయ్యపొడి వేయొచ్చా?

కొందరు ఉగు ఆకు (ఒక జాతి గుమ్మడి ఆకు) సన్నగా తరిగి వేస్తారు, కొందరు ఎండు రొయ్యపొడి, చాలామంది మసాలా క్యూబులు వేస్తారు. నా మాట అడిగితే మొదట ఏమీ వేయకండి. పిండి, నూనె, మిరప, ఉప్పు: ఈ నాలుగింటితోనే ఒక్పా ఒక్పాగా ఉంటుంది. ఆ గింజకు తనదైన మట్టివాసన, కొద్దిపాటి తీపి ఉన్నాయి, క్యూబు వేస్తే అవి మరుగునపడతాయి. పోపు పెట్టాలని, ఇంగువ వేయాలని మన చేయి లాగుతుంది. పెట్టుకుంటే తినడానికి బాగానే ఉండొచ్చు, కానీ న్సుక్కాలో ఎవరూ దాన్ని గుర్తుపట్టరు.

మొయి మొయి, ఒక్పా ఒకటేనా?

రెండూ ఆవిరి మీద ఉడికేవే గానీ వేరు. మొయి మొయి నైరుతి నైజీరియాలోని యొరుబా వాళ్ల వంట, నైజీరియా అంతా తింటారు, ఇగ్బో వాళ్లు మై మై అంటారు. దానికి బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, ఎర్ర మిరపతో కలిపి రుబ్బుతారు. అందులో గుడ్డు, చేప, రొయ్య లాంటివి పడతాయి. ఒక్పాకి నానబెట్టడం, రుబ్బడం ఉండవు, పొడిపిండితోనే మొదలవుతుంది.

బంబారా పిండి దొరకలేదు. శనగపిండితో చేయనా?

శనగపిండి కూడా గట్టిపడుతుంది. కానీ వచ్చేది శనగపిండి రుచి, ఒక్పా కాదు. దానికంటే మై మై చేసుకోవడం మంచి ఆలోచన, ఎందుకంటే దానికి కావలసిన గింజ మన కొట్లోనే ఉంది. బొబ్బర్లు, అంటే అలసందలు, ఆఫ్రికాలో సాగులోకి వచ్చి వేల ఏళ్ల కిందటే భారతదేశానికి చేరిన పంట. వాటితో వాళ్లు నూనెలో వేయించే అకరా, మనం వేసే బొబ్బర్ల వడ ఒకే దారిలో నడిచే వంటలు.

కప్పు బొబ్బర్లు కొన్ని గంటలు నానబెట్టి, చేతులతో నలిపి, తేలిన పొట్టు వంపేయండి. పొట్టు మొత్తం పోయేదాకా ఈ పని చేయాలి. ఒక ఉల్లిపాయ, ఒక ఎర్ర క్యాప్సికం, మిరపకాయ వేసి బాగా మెత్తగా రుబ్బండి. నూనె, ఉప్పు, గోరువెచ్చని నీళ్లు కలిపి, గిలక్కొట్టి, గ్లాసుల్లో పోసి ముప్పావుగంట నుంచి గంట ఆవిరి పెట్టండి.

దేనితో తినాలి?

పొద్దున పూట అకముతో తినడం అక్కడి పద్ధతి. పులియబెట్టిన మొక్కజొన్న పిండితో కాచే గంజి అది. నీళ్లలో నానబెట్టిన గారీతో (కర్రపెండలంతో చేసే రవ్వ), టీతో, ప్రయాణాల్లో చల్లటి కూల్‌డ్రింకుతో కూడా తింటారు. చట్నీ, సాంబారు అక్కర్లేదు, ఉప్పు, కారం, నూనె అన్నీ లోపలే ఉన్నాయి. చిన్నపిల్లలకి మిరప తగ్గించి వేరుగా ఒక పొట్లం పోయండి.

శాకాహారులు తినొచ్చా? వేరుశనగ పడనివాళ్లు?

మూల వంటలో మాంసం, చేప, పాలు, గుడ్డు ఏవీ లేవు, గోధుమా లేదు. బయట కొన్నది అయితే రొయ్యపొడి, క్యూబు ఉన్నాయేమో అడగండి. వేరుశనగ, ఇతర పప్పులు పడనివాళ్లు డాక్టర్‌ను అడిగాకే రుచి చూడాలి. ఎర్ర పామాయిల్‌లో విటమిన్ ఏ గా మారే కెరోటిన్లు పుష్కలంగా ఉన్నాయి. కానీ దాని కొవ్వులో సుమారు సగం సంతృప్త కొవ్వే కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లు కొద్దిగా తినడం మేలు.

మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది?

వేసవిలో బయట పెడితే ఆ పూటకే. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఆకుతోనే పెట్టండి. ఫ్రీజర్‌లో నెల ఉంటుంది. చల్లారిన ఒక్పా గట్టిగా, పొడిపొడిగా అనిపిస్తుంది, పాడైందని పారేయకండి. ఆకు విప్పకుండా పావుగంట ఆవిరి పెడితే మళ్లీ మెత్తబడుతుంది. మైక్రోవేవ్ అయితే ముక్కల మీద నీళ్లు చిలకరించి, మూత పెట్టి వేడిచేయండి. పచ్చి జారును మాత్రం మర్నాటికి దాచకండి, పులిసిపోతుంది. కావలసినంతే కలుపుకోండి.